పర్యాయపదముల నడిమి యెడము: ఆంగ్ల పదసాదృశ్య ప్రశ్నలపై సమీక్ష

ఆంగ్లభాషా పరీక్షలలో నూరేండ్లకు పైబడి మెలగుచున్న ప్రశ్నారీతి యొకటి గలదు. అందు నాలుగు పదములకు చోటుండును. మూడు పదములను పరీక్షకుడు ముందే నిలిపి యుంచును, నాలుగవదానిని పరీక్షితుడు వెదకి నిలుపవలయును. మొదటి రెండు పదముల నడుమ ఏ సంబంధము గలదో తక్కిన రెండింటి నడుమను ఆ సంబంధమే యుండవలయు నన్నది దాని నియమము. లోక్వేషస్ అను పదము గారులస్ అను పదమున కెట్టిదో, టాసిటర్న్ అను పదము దేనికట్టిదని యడిగి, రెటిసెంట్, వొల్యూబుల్, ఇన్‌సిపిడ్, వొసిఫరస్ అను నాలుగింటిని క్రింద వ్రాసిరనుకొందము. మొదటి రెండును అధికభాషణమును దెలుపు విశేషణములు. టాసిటర్న్ మితభాషికి చెల్లునది. మాటను లోపలనే యాపుకొనువానిని చెప్పు రెటిసెంట్ దానికి జోడు. ఈ పదములను ముందే యెఱిగినవానికి సమాధానము ఱెప్పపాటులో దొరకును. ఎఱుగనివాడు గడియసేపు తదేకధ్యానముతో చూచినను కేవల తర్కశక్తి వానిని గట్టెక్కింపజాలదు.

కావుననే యీ ప్రశ్న బుద్ధిని కొలుచునా, పదసంపదను కొలుచునా యను వివాదము దానితోడనే పుట్టి, దానితోడనే పెరిగినది. శిల్పికి ఉలి యెట్టిదో చిత్రకారునకు కుంచె యట్టిదని చెప్పునప్పుడు, పదములన్నియు పసిపిల్లవాని కైనను తెలిసినవే. కర్తకును సాధనమునకును గల సంబంధమును కనిపెట్టుటయే అచ్చటి పని. కార్యకారణములు, అవయవావయవులు, జాతివ్యక్తులు మొదలగు సంబంధములపై కట్టిన ప్రశ్నలన్నిటను బుద్ధికి ఇట్టి పని కొంత మిగిలియే యుండును. పర్యాయత్వముపై కట్టిన ప్రశ్నయందు మాత్రము సంబంధము మొదటనే బట్టబయలై, భారమంతయు పదముల యర్థముపై బడుచున్నది. దానిని బట్టి యిది హీనమైన ప్రశ్న యని కొందఱు తలచిరి. నా యభిప్రాయ మట్టిది కాదు. రెండు పదములు ఒకే యర్థము గలవని తెలిసికొన్న పిదప, ఆ సామ్య మెచ్చట ముగియునో చూడగలిగినవానికే యిట్టి ప్రశ్నలలో కఠినమైనవి లొంగును. ఆ చూపు తర్కముకంటె తక్కువదైన బుద్ధివ్యాపారము గాదు.

సాదృశ్యమును నాలుగు స్థానముల చట్రములో బిగించుట గ్రీకుల గణితమునుండి వచ్చినది. రెండు రాశుల నిష్పత్తి వేఱు రెండు రాశుల నిష్పత్తికి సమానమగుటను వారు అనుపాతమని వ్యవహరించిరి. యూక్లిడ్ గ్రంథమున పంచమభాగ మీ విచారమునకే యంకితము. దానిని అరిస్టాటిల్ కావ్యమీమాంసలోనికి గొనివచ్చెను. వార్ధక్యము జీవితమున కెట్టిదో సాయంకాలము దినమున కట్టిది గావున, వార్ధక్యమును జీవితసంధ్య యని కవి పేర్కొనవచ్చునని యాయన నిరూపణము. మన యాలంకారికులు ఉపమేయము, ఉపమానము, సాధారణధర్మము, ఉపమావాచకము అను నాలుగంగములతో ఉపమాలంకారమును విభజించి చూపినప్పుడు, వారి నాలుగు స్థానములు గ్రీకుల నాలుగు స్థానములవంటివి గావు. ఇచ్చట సాధారణధర్మ మనునది స్వయముగా నొక యంగమై నిలుచుచున్నది. పరీక్షలోని ప్రశ్న ఆ యంగమునే మఱుగుపఱచి, పరీక్షితునిచేత చెప్పించుకొనగోరును.

ఇంతకంటెను సన్నిహితమైన పోలిక మన న్యాయశాస్త్రమున గలదు. నైయాయికులు ఉపమానమును ప్రత్యేకప్రమాణముగా నంగీకరించిరి. గవయమను మృగమును ఎన్నడును చూడనివాడు, అది గోవును బోలియుండునని యొక యరణ్యవాసివలన విని, అడవికేగి యట్టి జంతువును గాంచి, ఇదియే గవయమని గ్రహించుట వారి ప్రసిద్ధోదాహరణము. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున దీని ఫలమును తేటపఱచినాడు: ఆ జ్ఞానము మృగమును గూర్చినది గాదు, మృగమునకును దాని పేరునకును గల సంబంధమును గూర్చినది. సాదృశ్యము ద్వారా పదార్థమును గ్రహించుట యనునదే యుపమితి యైనచో, అపరిచితమైన ఆంగ్లపదమును దాని పొరుగుననున్న పరిచితపదముల యానవాలుతో పోల్చుకొనుచున్న విద్యార్థి చేయుచున్నది అచ్చముగా నదియే.

ఇక ఆధునిక పరీక్షల చరిత్రకు వత్తము. ఇరువదవ శతాబ్ది యారంభమున ఇంగ్లండులో సిరిల్ బర్ట్ పాఠశాలబాలురపై సాదృశ్యప్రశ్నలను ప్రయోగించెను. 1923లో చార్లెస్ స్పియర్మన్ సంబంధమును రాబట్టుట, ఆ సంబంధమునుండి జోడును రాబట్టుట యను రెండు వ్యాపారములే సమస్తబుద్ధికి మూలమని సిద్ధాంతీకరించెను. అమెరికా మొదటి ప్రపంచయుద్ధమున ప్రవేశించినప్పుడు సైనికులకై కూర్చిన ఆర్మీ ఆల్ఫా పరీక్షలోని యెనిమిది విభాగములలో ఒకటి పర్యాయవ్యతిరేకపదములకును, వేఱొకటి సాదృశ్యములకును కేటాయింపబడినది. ఈ రెండు విభాగములు మొదటినుండియు ఇరుగుపొరుగున మెలగినవే. పర్యాయసాదృశ్యము ఆ రెండింటి సంయోగమున జనించిన ప్రశ్న. 1926 జూన్ 23న కార్ల్ బ్రిగమ్ ఆధ్వర్యవమున కళాశాలాప్రవేశమునకై మొదటి సాట్ పరీక్ష జరిగినప్పుడు 8,040 మంది విద్యార్థులు 97 నిమిషములలో 315 ప్రశ్నలను ఎదుర్కొనిరి; అందును వ్యతిరేకపదములకు, సాదృశ్యములకు వేర్వేఱు విభాగములుండెను. మిన్నెసోటా విశ్వవిద్యాలయమున డబ్ల్యూ. ఎస్. మిల్లర్ రూపొందించిన మిల్లర్ సాదృశ్యపరీక్షయు ఆ కాలపుదే. ఉన్నతవిద్యలో ప్రవేశమునకై నడచిన ఆ పరీక్ష ఆద్యంతమును సాదృశ్యమయము: 60 నిమిషములు, 120 ప్రశ్నలు, అనగా ప్రశ్న కర్ధనిమిషము.

బ్రిగమ్‌ను గూర్చి యొకమాట చెప్పక తప్పదు. 1923లో ఆయన వెలువరించిన గ్రంథము సైనికపరీక్షల ఫలితములను జాతులకు ఎక్కువతక్కువలు కట్టుటకు వినియోగించినది. 1930లో ఆయనయే ఆ నిర్ణయములు నిరాధారములని యొప్పుకొని వెనుకకు దీసికొనెను. భాషాజ్ఞానమును సహజబుద్ధిగా పొరబడినచో ఎంతటి యన్యాయమునకు దారితీయునో యీ శాస్త్రము తన శైశవముననే చూచినది.

సాట్ పరీక్షను, ఉన్నతవిద్యాప్రవేశమునకైన జీఆర్ఈ పరీక్షను కూర్చువారు కేవలపర్యాయత్వమును సంబంధముగా గ్రహించుట అరుదుగా నుండెను. మిల్లర్ పరీక్షయు, ఉద్యోగపరీక్షలకై కూర్పబడిన యనేక ప్రశ్నావళులును దానిని స్వేచ్ఛగా వాడుకొన్నవి. ఈ భేదమునకు కారణము పర్యాయసంబంధము యొక్క స్వభావముననే యున్నది. శిల్పికిని ఉలికిని గల సంబంధమున కొక దిశ యున్నది; పదములను తారుమారు చేసిన సంబంధము చెడును. పర్యాయత్వమునకు దిశ లేదు. అది యద్దము వంటిది, ఎటునుండి చూచినను నొకటే. సాట్‌లో పదముల వరుస తప్పిన జతను ఎరగా వేసి విద్యార్థి యేకాగ్రతను పరీక్షించుట పరిపాటిగా నుండెను. పర్యాయముల విషయమున ఆ యుపాయము పనికిరాదు. మిల్లర్ పరీక్షలో మఱియొక చిక్కు యుండెను. అందు మొదటి పదము రెండవదానితోనే గాక మూడవదానితోను జతగూడుచుండెను. ఖాళీ నాలుగు స్థానములలో దేనియందైన నుండెడిది. కావున వాని పర్యాయప్రశ్నలలో ఏ పదమున కేది పర్యాయమో మొదట తేల్చుకొనుటయే యొక పనిగా నుండెను.

ఆంగ్లభాషలో నీ ప్రశ్నలకింత యవకాశ మేల కలిగినదని యారా తీసినచో, సమాధానము చరిత్రయందు గలదు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట రాజసభలో ఫ్రెంచియు, దేవాలయవిద్యాలయములలో లాటినును, పల్లెలలో ప్రాచీనమైన సాక్సనుభాషయు వందలయేండ్లు సహజీవనము చేసినవి. దానివలన నొకే భావమునకు మూడేసి యంతస్తుల పదము లేర్పడెను. ఆస్క్ పల్లెమాట, క్వశ్చన్ ఫ్రెంచినుండి వచ్చినది, ఇంటరోగేట్ లాటినునుండి తీసికొన్నది. కింగ్లీ, రాయల్, రీగల్; రైజ్, మౌంట్, అసెండ్; ఫియర్, టెర్రర్, ట్రెపిడేషన్; ఇవన్నియు ఈ మూడంతస్తుల మేడలే. ఉన్నతపదజాలమని పరీక్షలు పేర్కొనునది చాలమట్టుకు పై యంతస్తున నివసించునది.

ఈ సంగతి తెలుగువారికి ఒకరు బోధింపవలసినది గాదు. దేశ్య, తద్భవ, తత్సమములని మన వైయాకరణులు చేసిన విభాగము ఇట్టి చరిత్రకే యద్దము పట్టుచున్నది. తలనొప్పి యందుము, శిరోవేదన యందుము. శిరస్సునొప్పి యనినవానిని చూచి నవ్వుదుము. క్రొత్తయింట పాలుపొంగించుట గృహప్రవేశము; ఆ ముహూర్తమున ఇంట జొరబడుట యని యెవరు నాహ్వానపత్రమున వ్రాయరు. మరణమును దెలుపు క్రియలను చూడుడు. కన్నుమూసెను, కాలము చేసెను, దివంగతుడయ్యెను, కీర్తిశేషుడయ్యెను, పరమపదించెను, శివైక్యమందెను, చచ్చెను: వీనిలో నే రెండింటిని మార్చి వాడినను మర్యాదయో, మతమో, మమతయో భగ్నమగును. పరమపదించుట వైష్ణవున కెట్టిదో శివైక్యమందుట శైవున కట్టిదని చెప్పినచో అదియు నొక చక్కని సాదృశ్యప్రశ్న యగును. అందు రెండు క్రియలును పర్యాయములై యుండియు, సమాధానము నిర్ణయించునది వాని భేదమే.

పర్యాయపదములను పోగుచేయు విద్యలో మన పూర్వులు ఆరితేరినవారు. అమరకోశమును వీధిబడులలో వల్లెవేయించిన దేశమిది. దానిని తెనుగున ననుసరించి పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమును, దాని కొఱతలను పూరించుచు అడిదము సూరకవి ఆంధ్రనామశేషమును పద్యములలో రచించిరి. అయినను, ఈ కోశము లొక్కొక్క యర్థమునకు గల పేరులను వరుసపెట్టి చెప్పుటతో సంతృప్తి చెందినవి. ఏ పేరెచ్చట వాడవలయునో చెప్పు భారమును అలంకారశాస్త్రమునకు విడిచినవి. ఆ భారమును కుంతకుడు తలకెత్తుకొనెను. వక్రోక్తిజీవితమున పర్యాయవక్రత యను నొక విశేషమును ఆయన ప్రత్యేకించి చెప్పినాడు: ఒకే వ్యక్తికి పదిపేరులున్నను, సందర్భమునకు తగిన పేరును కవి యెన్నుకొన్నప్పుడు ఆ యెన్నిక యందే చమత్కారము పుట్టునని దాని సారము. ఇంద్రుని శత్రుపురములను కూల్చునప్పుడు పురందరుడనియు, యజ్ఞప్రసంగమున శతక్రతుడనియు బిలుచుటలో గల యౌచిత్యమును ఎఱిగినవాడు, ఆంగ్లపర్యాయములను జూచినప్పుడు ఇవి యన్నియు నొకటే యని సరిపెట్టుకొనడు.

ఆంగ్లేయులలోను ఈ రెండు మార్గములు కనబడుచున్నవి. 1755లో సామ్యూల్ జాన్సన్ నిఘంటువును వెలువరించిన పిదప, ఆయన మిత్రురాలైన హెస్టర్ లించ్ పియోట్సీ 1794లోను, జార్జ్ క్రాబ్ 1816లోను ప్రకటించిన గ్రంథములు పర్యాయముల నడిమి భేదములను విప్పిచెప్పుటకే యుద్దేశింపబడినవి. 1852లో పీటర్ మార్క్ రోజె ప్రకటించిన థెసారస్ మాత్రము భావముల వర్గీకరణమును జేసి, ఒక్కొక్క భావము క్రింద పదములను రాశిపోసినది. ఇది మన యమరకోశపు త్రోవ. రోజె గ్రంథమే లోకమున వ్యాప్తి జెందినది. పరీక్షార్థుల పదపట్టికలన్నియు దాని సంతానమే. క్రాబ్ మార్గము మఱుగున పడుట యీ విద్యకు గలిగిన పెద్దనష్టమని నేను భావించుచున్నాను. ఏలయన, సాదృశ్యప్రశ్నలలో కఠినమైనవి నిలిచియుండునది క్రాబ్ నిలిచిన నేలపైననే.

దీనిని ఉదాహరణములతో చూపుదును. ఇరిటేట్ అను క్రియ ఇన్‌ఫ్యూరియేట్ అను క్రియ కెట్టిదో డిస్‌లైక్ దేనికట్టిదని యడిగి, డిస్‌రెలిష్, అభార్ అను రెండు పదములను చూపినచో, కేవలపర్యాయదృష్టి గలవాడు డిస్‌రెలిష్‌ను పట్టుకొనును. డిస్‌లైక్‌కు అంతకంటె సన్నిహితమైన పదము దొరకదు గదా! కాని మొదటి జతలో చిరాకు మహాక్రోధమై పెరిగినది. కావున రెండవ జతలోను అయిష్టము అసహ్యమై పెరుగవలయును, సమాధానము అభార్. ఇచ్చట సంబంధము తీవ్రత. ప్రశ్నను కూర్చినవాడు మొదటి రెండు పదములను పర్యాయములవలె కనబఱచి, వాని నడుమ నొక మెట్టును దాచియుంచినాడు.

ఇంతకంటె సూక్ష్మమైనది స్తుతినిందల భేదము. ఫ్రూగల్ అనునది పార్సిమోనియస్ అనుదానికెట్టిదో రెసొల్యూట్ అనునది దేనికట్టిది? స్టెడ్‌ఫాస్ట్, అబ్స్టినేట్ అను రెండును ఎదుట నిలుచుచున్నవి. నిఘంటువు స్టెడ్‌ఫాస్ట్ వైపు మొగ్గును; ప్రశ్న అబ్స్టినేట్‌ను కోరును. ఫ్రూగల్ అనగా పొదుపరి, పార్సిమోనియస్ అనగా పిసినారి. చేయు పని యించుమించుగ నొకటే, చూచువాని కన్ను వేఱు. అట్లే దృఢసంకల్పము మెచ్చనివాని నోట మొండితనమగును. దగ్గఱి పర్యాయము తప్పై దూరపు పర్యాయము ఒప్పగుట యీ ప్రశ్నలలోని పరమరహస్యము. తెలుగున పొదుపు, పిసినారితనము అను రెండుమాటలను ఎన్నడును తారుమారు చేయని బాలుడు కూడ ఆంగ్లమున తడబడుటకు కారణము, ఆ పదములను వాక్యములలో వినక పట్టికలలో చూచుటయే.

వ్యాప్తిభేదమును గూర్చి యెక్కువ చెప్పనక్కఱలేదు. ఎఫిమరల్ అనునది మూలమున గ్రీకుభాషలో ఒక దినము మాత్రము నిలుచుదానికి పేరు; ట్రాన్సియెంట్ దాటిపోవు సమస్తవస్తువులకు చెల్లును; ఇవనెసెంట్ ఆవిరివలె కరగి మాయమగుదానికి చెల్లును. ఈ మూడింటిలో విశేషమేదో సామాన్యమేదో యెఱిగినచో వానిపై కట్టిన ప్రశ్న విడిపోవును.

వేషము మార్చుకొన్న పదములు మాత్రము కొంత నిదానింపవలసిన విషయము. నిత్యవ్యవహారమున తెలిసినట్లే యుండు పదమునకు రెండవ యర్థమును పరీక్షకుడు తలచియుండును. లిస్ట్ అనగా పట్టిక యని యందఱెఱుగుదురు. ఓడ యొకప్రక్కకు ఒరుగుటకును అదియే పేరు గావున, దానికి టిల్ట్ పర్యాయము. ఫ్లాగ్ జెండాయే గాక సడలిపోవుటయు నగును. బ్రూక్ సెలయేఱే గాక సహించుటయు నగును. టెంపర్ కోపమే గాక తీవ్రతను తగ్గించుటయు నగును. ఇట్టి తావుల భాషాభాగమును ముందు నిర్ణయించుకొనుట క్షేమము: జతలోని రెండవ పదము క్రియ యైనచో మొదటిదియు క్రియయే కావలయును. ఇక ధ్వనిసామ్యమువలన మోసపుచ్చునవి వేఱు. నాయిసమ్ అనుదానికి చప్పుడుతో పనిలేదు. అది దుర్గంధమును, అపకారమును దెలుపును. ఎనర్వేట్ అనగా బలపఱచుట వలె వినబడును గాని బలహీనపఱచుట దాని యర్థము. మెరెట్రిషస్ అను పదమునకు మెరిట్‌తో ధాతుబంధుత్వ మున్నను, లాటినున వేశ్యావాచకమునుండి వచ్చుటచే పైపై మెఱుగులు గల నిస్సారవస్తువును దెలుపును. ఫ్లామబుల్, ఇన్‌ఫ్లామబుల్ అనునవి వ్యతిరేకములవలె కనబడియు పర్యాయములే; రెంటికిని మండునదియే యర్థము.

పదములను ధాతువులతో పట్టుకొనుట మేలని యుపాధ్యాయులు చెప్పుదురు. ఇది సత్యము, తెలుగువిద్యార్థి విషయమున మఱింత సత్యము. 1786లో కలకత్తాలో విలియమ్ జోన్స్ సంస్కృత, గ్రీకు, లాటిను భాషల బంధుత్వమును ప్రకటించినదాదిగా తెలియవచ్చిన సంగతి యేమన, లాటినున ఇగ్నిస్ మన యగ్నికి, వోక్స్ వాక్కునకు, నోమెన్ నామమునకు, మోర్స్ మృత్యువునకు తోబుట్టువులు. తెలుగు స్వయముగా ఆ కుటుంబమునకు చెందదని 1816లో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ నిరూపించినాడు; అయినను తత్సమముల ద్వారా ఆ బంధువులందఱు మన యింట నివసించుచునే యున్నారు. మాగ్నానిమస్ అను పదమున మహత్తునకు చుట్టమైన మాగ్నస్, అనిలమునకు చుట్టమైన అనిమస్ గలవు. పెద్దమనసు గలవాడని యర్థము. పూసిలానిమస్ యందు అనిమస్ అట్లే యుండి, మొదటి భాగము అల్పమగుటచే పిఱికివాడను నర్థము వచ్చినది. మొదట చెప్పిన ప్రశ్నలోని టాసిటర్న్, రెటిసెంట్ అను రెండును మౌనమును దెలుపు టకేరే యను లాటినుధాతువు బిడ్డలే. అయినను ధాతువు పదమును గుర్తించుటకే తోడ్పడును. ఆ రెంటికి ధాతువొకటే యైనను, టాసిటర్న్ పుట్టుకతో మితభాషియైనవానిని చెప్పును. రెటిసెంట్ చెప్పదగినది యుండియు బయలుపెట్టనివానిని చెప్పును. ఈ భేదమును ధాతువు చెప్పజాలదు, వాడుకయే చెప్పవలయును.

మనస్తత్త్వవేత్తల పరిశోధనయు దీనిని సమర్థించుచున్నది. 1977లో రాబర్ట్ స్టెర్న్‌బర్గ్ సాదృశ్యమును పరిష్కరించు మనసు ఏయే మెట్లను దాటునో కాలమానముతో కొలిచి చూచెను. పదముల యర్థమును గ్రహించుట, సంబంధమును ఊహించుట, మొదటి జతను రెండవ జతపై నిలిపి చూచుట, సమాధానమునకు వర్తింపజేయుట అని వానిని విభజించి, సమర్థులు తొలిమెట్టున తక్కినవారికంటె నెక్కువ కాలమును వెచ్చించి, మిగిలిన మెట్లను వడిగా దాటుదురని చెప్పెను. తొందరపడి పర్యాయములని ముద్రవేసి ముందునకు సాగువాడు ఓడిపోవుటకు కారణ మిందే గలదు.

ఇంత చక్కని ప్రశ్నను పెద్దపరీక్షలన్నియు క్రమముగా విడిచిపెట్టినవి. సాట్ 1994లో వ్యతిరేకపదములను, 2005లో సాదృశ్యములను తొలగించినది. 2011లో జీఆర్ఈ రెండింటిని తొలగించినది. మిల్లర్ పరీక్ష 2023లో పూర్తిగా నిలిచిపోయినది. దీనికి దారితీసిన యాక్షేపములలో ప్రసిద్ధమైనది సాట్‌లోని యొక ప్రశ్న. పరుగుపందెగాడు మారథాన్‌కు ఎట్టివాడో ఎవడు దేనికట్టివాడని యడిగినదానికి, తెడ్డువేయువాడు రెగట్టాకు అనునది సమాధానము. రెగట్టా యనగా పడవపందెము, సంపన్నుల వినోదము. ఆ పదమును ఎన్నడును వినని పేదకుటుంబపు బిడ్డకు తర్కమెంత యున్నను ఏమి లాభము? 2001 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాధ్యక్షుడు రిచర్డ్ అట్కిన్సన్, ధనికుల పాఠశాల యొకదానిలో పండ్రెండేండ్ల పిల్లలు సాట్ కొఱకు సాదృశ్యములను వల్లించుచుండుటను తాను చూచిన వృత్తాంతమును చెప్పి, ఆ పరీక్షను తమ విశ్వవిద్యాలయము మానుకొనవలయునని ప్రతిపాదించెను. నాలుగేండ్లలో ప్రశ్న మాయమయినది.

ఈ యాక్షేపము న్యాయమైనదే. పుట్టుకతో వచ్చిన బుద్ధిని కొలుచు సాధనముగా పర్యాయసాదృశ్యము పనికిరాదు. దానిని గూర్చి నాకు సందేహము లేదు. అయితే విచక్షణతో చదివిన చదువును కొలుచుటకు అది పనికివచ్చునా యనునది వేఱుప్రశ్న. రెగట్టా వంటి పదము ఒక వర్గమువారి యింటిసొమ్ము. టాసిటర్న్, పార్సిమోనియస్ వంటి పదములు గ్రంథాలయమున దొరకు సొమ్ము. ఈ రెండింటిని ఒకే గాటను కట్టి తీసివేయుటలో కొంత మేలిమియు కొట్టుకొనిపోయినది.

మనుష్యులు విడిచిపెట్టుచున్న కాలముననే యంత్రశాస్త్రజ్ఞులు వానిని చేపట్టుట విచిత్రము. 1997లో థామస్ లాండవర్, సూజన్ డ్యూమే ఆంగ్లమును పరభాషగా నేర్చినవారికై కూర్చిన టోఫెల్ పరీక్షలోని 80 పర్యాయప్రశ్నలను గణనపద్ధతికి ఒప్పజెప్పగా, అది 64.4 శాతము సరిగా జెప్పినది. ఆంగ్లము మాతృభాష గాని విద్యార్థుల సగటు దాదాపు అంతే. పదిసంవత్సరములు తిరుగకమునుపే పీటర్ టర్నీ 374 సాట్ సాదృశ్యములపై 56 శాతమును సాధించెను. కళాశాలాభిలాషుల సగటు 57. 2020లో జీపీటీ-3 యను భాషాయంత్రము అదే ప్రశ్నావళిపై, మాదిరిగా కొన్ని ప్రశ్నలను ముందుచూపినప్పుడు, 65.2 శాతమును పొందినది. పదము నడచు పరిసరములను లెక్కించుటయే యీ పద్ధతులకు మూలము. ఇచ్చట నొక తత్త్వము బయలుపడినది: పరిసరములను మాత్రము నమ్మినచో పర్యాయములును వ్యతిరేకములును ఒకేచోట చేరుచున్నవి, ఏలయన, వేడినీళ్ళన్నచోటనే చన్నీళ్ళనియు నందురు. రెండు పదములు ఒకే స్థానమున నిలువగలవని తెలియుటకును, నిలిచినప్పుడు వాక్యమేమగునో తెలియుటకును నడుమ ఎంత దూరమున్నదో యంత్రములే చూపినవి.

మన రాష్ట్రములలో ఈ విద్య యింకను సజీవము. కేంద్రోద్యోగములకై జరుగు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షలలో ఆంగ్లపర్యాయములును, తార్కికవిభాగమున సాదృశ్యములును అడుగబడుచునే యున్నవి; తెలుగు పోటీపరీక్షల పుస్తకములు పోలిక పరీక్ష యను పేరున వానిని అభ్యాసము చేయించుచున్నవి. అమెరికా చదువులకై హైదరాబాదు అమీర్‌పేట శిక్షణాలయములలో జేరిన తరము బారన్స్ పుస్తకములోని 3,500 పదముల పట్టికను రాత్రింబవళ్ళు వల్లించినది. ఆ శ్రమను నేను చులకన చేయను. అమరమును వల్లించినవారి మనుమలే వారు. కాని యా పట్టికలో నొక్కొక్క పదమున కెదుట నొక్కొక్క పర్యాయము వ్రాసియుండుటయే చిక్కు. పార్సిమోనియస్ ఎదుట ఫ్రూగల్ అని చదివి కంఠస్థము చేసినవాడు, వాని నడుమ భేదమును చంపి నేర్చుకొన్నవాడగును. పరీక్ష యడుగునది చంపబడిన యా భేదమునే. పదము నొక వాక్యముతో, దానిని విన్నవానికి సంతోషము గలుగునో కినుక గలుగునో యను గుర్తుతో వ్రాసికొన్నచో పట్టిక సగమైనను ఫల మధికమగును.

సమాధానము తెలియనప్పుడు ఆశ్రయింపదగిన యుపాయము లొకటి రెండు గలవు. ఒకే సమాధానము గల ప్రశ్నలో, ఇచ్చిన నాలుగింట రెండు పదములు అన్నివిధముల నొకదానికొకటి సమములైనచో ఆ రెండును తప్పే. రెండు సరియైన సమాధానము లుండుటకు వీలులేదు గదా. పర్యాయప్రశ్నలో మూడవ పదమునకు వ్యతిరేకమైనది తఱచు ఎరగా నుండును. మొదటి ప్రశ్నలో వొల్యూబుల్ అట్టిది. రెండవ జతకు మొదట వాక్యము కట్టి, దానిని మొదటి జతపై వెనుకకు నడిపి చూచినను కొన్ని పదములు రాలిపోవును.

జీఆర్ఈ సాదృశ్యములకు బదులు ప్రవేశపెట్టిన వాక్యసమానార్థక ప్రశ్నలో ఈ విద్య యంతయు క్రొత్తవేషముతో తిరిగివచ్చినది. ఒక వాక్యమున ఖాళీ, క్రింద ఆరు పదములు. వాక్యమును పూరించుచు నొకే యర్థమునిచ్చు రెండింటిని ఎన్నవలయును. ఒకటి తప్పిన రెండవదానికి ఫలము లేదు. తన స్వంతవ్యయమున ఆయన యెంతో ఖాళీ యైనందుననే బడికి భూమిని దానమీయగలిగెనని ఊరివారు మెచ్చుకొనిరి అను వాక్యమును దీసికొని, ఫ్రూగల్, థ్రిఫ్టీ, స్టింజీ, మైజర్లీ, లావిష్, ప్రాడిగల్ అను నాఱింటిని నిలిపినచో, మూడు పర్యాయజతలు ఎదుట నుండును. వ్యయమును మిగుల్చుటయే దానమునకు కారణమని చెప్పుటచే లావిష్, ప్రాడిగల్ తొలగిపోవును. మిగిలిన రెండు జతలును మిగుల్చుటనే చెప్పును. ఊరివారు మెచ్చుకొనిరను మాట స్టింజీ, మైజర్లీ జతను కొట్టివేసి ఫ్రూగల్, థ్రిఫ్టీలను నిలుపును.